పదకొండు నలభైకి నొక్కిన బటన్

ఈ ఆసుపత్రిలో నన్ను అందరూ తాళాలాయన అంటారు. నిజానికి నా దగ్గర ఒక్క తాళం కూడా లేదు. నా బీరువా తాళంచెవి పోయి మూడేళ్ళయింది, తలుపు సందులో కాగితం మడిచిపెట్టి మూస్తాను. నేను చూసేది సర్వర్. అందులోకి ఎవరు రావచ్చు, వచ్చినవాళ్ళు ఏం చూడొచ్చు, ఏం రాయొచ్చు, దేన్ని మార్చొచ్చు అన్నది నేను పెట్టిన అనుమతుల ప్రకారమే జరుగుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అడిగిన అనుమతి ఇస్తే నేనెవరో ఎవరికీ గుర్తుండదు, ఇవ్వకపోతే మూడంతస్తులకీ వినపడేలా తిడతారు.

పద్ధతి సులువే. మనిషి తన కార్డు యంత్రానికి తాకించి పాస్‌వర్డ్ కొడితే సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. బస్టాండులో సామాన్లు దాచే గదిలో ఇచ్చే బిళ్ళ లాంటిదే. బిళ్ళ ఎవరు తెస్తే వాళ్ళకి పెట్టె ఇచ్చేస్తారు గానీ మొహం చూడరు కదా. మా టోకెన్ మీద మనిషి పేరు, ఆ మనిషికున్న అనుమతులు, అది చెల్లే గడువు ఉంటాయి. అడుగున సర్వర్ ముద్ర ఉంటుంది. ముద్ర సరిపోయిందా, పని జరిగిపోతుంది. ఎవరు, ఎన్నింటికి, ఏం చేశారన్నది సర్వర్ తనంతట తనే చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాలో ఎవరూ వేలు పెట్టలేరు, నేను కూడా. ఈ లోకంలో నాకు పూర్తి నమ్మకం ఉన్నది దాని మీదే. ఈ మాట మా ఆవిడకి చెప్పకండి.

రెండో అంతస్తులో తల్లిపాల బ్యాంకు ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి సొంత తల్లి దగ్గర పాలు లేనప్పుడు, వేరే తల్లులు ఇచ్చిన పాలు అక్కణ్ణుంచి వెళ్తాయి. సేకరించిన పాలు కలిపి, వేడిచేసి, చల్లార్చి, సీసాల్లో పోస్తారు. ప్రతి విడతలోంచీ ఒక సీసా ల్యాబ్‌కి వెళ్తుంది. క్రిములు లేవని వాళ్ళు చెప్పడానికి రెండు రోజులు పడుతుంది. అప్పుడు మిగతా సీసాల మీద పచ్చ చీటీ అంటించి వార్డుకి విడుదల చేస్తారు. నిల్వ పూర్తిగా అయిపోయి, ఇంక ఆగలేని పరిస్థితి వస్తే, ఫలితం రాకముందే ఇవ్వడానికి 'అత్యవసర విడుదల' అని ఒక బటన్ ఉంది. డాక్టరు సంతకం చేసిన కాగితం చేతిలో ఉంటేనే దాన్ని నొక్కాలి. ఆ అనుమతి ఆసుపత్రి మొత్తానికి ఇద్దరికే ఇచ్చాను. ఒకరు సూపరింటెండెంట్ మేడమ్, రెండోది సీసాలక్క.

సీసాలక్క ఆ బ్యాంకు టెక్నీషియన్. పదకొండేళ్ళుగా అక్కడే పని. పొట్టి మనిషి, చేతులు ఎప్పుడూ నీళ్ళలో నాని ముడతలు పడి ఉంటాయి. అందరూ అంటారు కాబట్టి నేనూ ఆమెని అక్కా అంటాను, ఆమె నన్ను అన్నయ్యగారూ అంటుంది. మాలో ఎవరు పెద్దో ఇప్పటిదాకా తేలలేదు. ఆమెకో చాదస్తం ఉంది. కంప్యూటర్లోకి ఎక్కించిందంతా మళ్ళీ గీతల పుస్తకంలో చేత్తో రాస్తుంది. ఎన్ని సీసాలు, ఫ్రీజర్ ఎంత చలిగా ఉంది, గదిలోకి ఎవరొచ్చారు, ఎన్నింటికొచ్చారు, అన్నీ. ఆసుపత్రిలో రాత పుస్తకాలన్నీ నేనే ఒక్కొక్కటిగా మాన్పించాను. మందుల గదిలో, ఆపరేషన్ గదిలో, బట్టల గదిలో. ఈమె దగ్గర మాత్రం నా పప్పులుడకలేదు.

"సర్వర్ రాస్తోందిగా అక్కా, మళ్ళీ ఈ రాతలెందుకు?" అనేవాణ్ణి.

"అది రాసేది దానికి తెలిసింది అన్నయ్యగారూ. నేను రాసేది నేను చూసింది," అనేది.

ఒక బుధవారం పదకొండు నలభైకి ల్యాబ్ ఫలితం రాని ముప్ఫై ఆరు సీసాలు అత్యవసర విడుదల అయ్యాయి. వార్డులో తెర మీద ఆ నంబర్లు కనపడ్డాయి. ఆయమ్మ వచ్చి, బయటి ఫ్రిజ్‌లోంచి నాలుగు సీసాలు తీసుకెళ్ళింది. అప్పుడు సీసాలక్క లోపలి గదిలో ఉంది. వార్డు నర్సు మంచి చురుకైన పిల్ల. సీసా మీద పచ్చ చీటీ లేదేమిటని పక్కన పెట్టింది. ఒక్క చుక్క కూడా ఏ బిడ్డకీ వెళ్ళలేదు. గురువారం ల్యాబ్ చెప్పింది, ఆ విడతలో క్రిములున్నాయని. ఆ రోజు వార్డులో ఎనిమిది మంది పిల్లలున్నారు. అందులో ఇద్దరు కిలో బరువు కూడా లేరు.

శుక్రవారం పొద్దున్నే సూపరింటెండెంట్ మేడమ్ గదిలో విచారణ జరిగింది. మేడమ్, సీసాలక్క, నేను. చిట్టా కాగితం మీద అచ్చు తీసి పట్టుకెళ్ళాను. నాకు ఇలాంటివి అలవాటే. పోయినేడాది మందుల గది గుమాస్తా మీద కూడా నేనే చిట్టా తెచ్చి చూపించాను. నిల్వ పట్టీలో అంకెలు మారాయి, మార్చింది ఆయన పేరుతోనే. ఆయన కూడా "నేను కాదు బాబూ, నేను ముట్టుకోలేదు" అనే అన్నాడు. పంపించేశారు. చిట్టాలో దొరికిన ప్రతివాళ్ళూ చెప్పేది అదే మాట.

సీసాలక్క కూడా అదే చెప్పింది. "నేను నొక్కలేదు మేడమ్."

"మరి నీ పేరెందుకుంది?"

"నాకు తెలీదు. ఆ టైములో నేను పెద్ద ఫ్రీజర్ దగ్గరున్నాను. ఇదిగో, రాసుకున్నాను కూడా." సంచిలోంచి గీతల పుస్తకం తీసి, వేలితో గీత చూపించింది. పదకొండు నలభై, పెద్ద ఫ్రీజర్, మైనస్ ఇరవై ఒకటి.

మేడమ్ పుస్తకం చూసి, నా వైపు చూశారు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు కష్టపడి కట్టిన పద్ధతిని తెచ్చి గీతల పుస్తకం పక్కన పెడతారా?

"పుస్తకంలో ఎవరైనా, ఎప్పుడైనా, ఏమైనా రాసుకోవచ్చు మేడమ్," అన్నాను. "చిట్టాలో అలా కుదరదు. అది అబద్ధం చెప్పదు."

సీసాలక్క నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. ఏదో అర్థంకాని లెక్క చూసినట్టు చూసింది.

మేడమ్ అప్పటికప్పుడు ఆమె అనుమతులన్నీ ఆపమన్నారు. మంగళవారం తుది నిర్ణయం. తప్పు ఖాయమైతే ఆమెని బట్టల గదికి మార్చేస్తారు, ఇంక పిల్లల వార్డు గడప తొక్కనివ్వరు.

"బట్టల గదికి పంపండి మేడమ్, వెళ్తాను. వరండా ఊడవమన్నా ఊడుస్తాను," అంది సీసాలక్క. "కానీ పరీక్ష కాని పాలు పసిబిడ్డకి పంపించిందన్న మాట మాత్రం నా మీద వెయ్యకండి. అది మోసుకుని నేను తిరగలేను."

కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నేను దాన్ని జేబులో వేసుకుని కిందికొచ్చి, ఆమె అనుమతులు ఒక్కొక్కటీ తీసేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత టీ తాగాను. నాకేమీ అనిపించలేదు. ఉన్నమాటే చెబుతున్నాను.

ఆదివారం ఇంట్లో వేరే గొడవ మొదలైంది. మా ఆవిడతో వాళ్ళన్నయ్య వారం రోజులుగా మాట్లాడటం లేదట. ఎందుకో తెలియక ఆవిడ కుమిలిపోతోంది. చివరికి ఆ రోజు పట్టువదలకుండా ఫోన్ చేసి అడిగితే, ఆయన బయటపడ్డాడు. కొత్తింటికి అందరూ రండని పిలిస్తే, ఒక్కగానొక్క చెల్లెలు 'చూద్దాంలే' అని ఒక్క ముక్క రాసి ఊరుకుందట.

"నేనలా రాయలేదన్నయ్యా!" అంటోంది మా ఆవిడ. "నీ ఫోన్లోంచే వచ్చిందమ్మా, నీ పేరే ఉంది," అంటున్నాడు ఆయన.

నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ రోజు ఆవిడ చేతులకి పిండి ఉంది, ఫోన్ మోగింది, చూడమంటే చూశాను. ఏదో ఒక జవాబు పెట్టేస్తే పోతుందని పెట్టేశాను. తర్వాత మర్చిపోయాను.

మా ఆవిడ ఫోన్ పెట్టేసి వచ్చి పేపరు లాగేసింది. "మీరేనా?"

"అంటే... ఆ రోజు నీ చేతులకి పిండి ఉందని..."

"చాల్లెండి మహానుభావా! వేలు మీది, పేరు నాది. వారం రోజులు మా అన్నయ్య దృష్టిలో నేను పొగరుబోతునయ్యాను. ఆయన్ని మాత్రం ఎలా తప్పు పట్టను? ఆయనకి కనపడేది పేరే కదా!"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక కూడా ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఎందుకో తెలియదు, మైనస్ ఇరవై ఒకటి గుర్తొచ్చింది.

సోమవారం ఎనిమిదింటికే ఆఫీసుకెళ్ళి చిట్టా తెరిచాను. చిట్టాలో ప్రతి గీతకీ ఏడు గడులుంటాయి. నేను విచారణలకి అచ్చు తీసేది మూడే. పేరు, సమయం, పని. మిగతావి ఎవరికీ అర్థం కావని వదిలేస్తాను. వాటిలో ఒకటి, ఆ పని ఏ యంత్రం మీంచి, అంటే ఏ కంప్యూటర్ మీంచి జరిగిందో చెప్పే నంబరు. పాల బ్యాంకు యంత్రం నంబరు ముప్ఫై ఒకటి.

బుధవారం, పదకొండు నలభై, సీసాలక్క పేరు, అత్యవసర విడుదల. యంత్రం నంబరు ఏడు.

ఏడు నా బల్ల మీదున్నది. నేనప్పుడు దాని ముందే కూర్చుని ఉన్నాను.

సొరుగు లాగి ఫిర్యాదు చీటీల దొంతర బయటికి తీశాను. మంగళవారం తేదీతో సీసాలక్క రాసిన చీటీ దొరికింది. 'అత్యవసర విడుదల బటన్ రెండుసార్లు నొక్కితే గానీ పలకటం లేదు. పోయిన వారం అవసరమైనప్పుడు ఇబ్బంది అయింది. దయచేసి చూడగలరు.' దాని కింద బుధవారం తేదీతో నా చేతిరాత. 'చూశాను. ఒక్కసారికే పలికింది. బటన్‌లో లోపం లేదు, నొక్కడంలోనే ఉంది.'

అంతా గుర్తొచ్చింది. ఆమెకి కనపడే తెర నాకూ కనపడాలంటే నేను ఆమెనైపోవాలి. దానికో దారి ఉంది. అసలు సర్వర్‌కి నకలుగా, పరీక్షలు చేసుకోవడానికి ఇంకో సర్వర్ పెట్టుకున్నాను. అక్కడ ఎవరి పేరుతోనైనా నేను టోకెన్ తయారు చేసుకోగలను, వాళ్ళ పాస్‌వర్డ్‌తో పని లేదు. బుధవారం సీసాలక్క పేరుతో ఒకటి చేశాను. నా ముందు రెండు తెరలు తెరిచి ఉన్నాయి, ఒకటి నకలుది, ఒకటి అసలుది. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. నకలే అనుకుని టోకెన్ అసలు దాంట్లో పెట్టి, జాబితాలో అన్నిటికంటే పైనున్న విడత మీద బటన్ నొక్కాను. 'విడుదల అయింది' అని వచ్చింది. భేష్ అనుకుని చీటీ మీద నా రాత రాశాను.

నకలులో చేసిన టోకెన్‌ని అసలు సర్వర్ ఛీ పొమ్మనాలి. రెండిటికీ వేరువేరు ముద్రలుంటే అనేది. ఎప్పుడో ఆరేళ్ళ క్రితం, రెండు ముద్రలు చూసుకోవడం విసుగనిపించి, రెండిటికీ ఒకటే పెట్టాను. ముద్ర సరిపోయింది. సర్వర్ మొహం చూడలేదు. చిట్టా అబద్ధమూ చెప్పలేదు, దానికి చెప్పిన పేరే రాసింది.

గదికి తలుపు వేసుకుని గంటసేపు కూర్చున్నాను. యంత్రం నంబరు గడి చదవడం ఈ ఆసుపత్రిలో నాకు తప్ప ఎవరికీ రాదు. నేను నోరు మెదపకపోతే మంగళవారం వస్తుంది, పోతుంది. ఆ గంటలో ఏమేం ఆలోచించానో చెప్పను. సిగ్గుగా ఉంది. చీటీ మీద 'నొక్కడంలోనే ఉంది' అన్న నా అక్షరాలు చూసిన కొద్దీ తల కొట్టేసినట్టయింది. చివరికి లేచి, ఆ చీటీ పట్టుకుని పైకెళ్ళి, మేడమ్‌తో సీసాలక్కని పిలిపించమని చెప్పాను.

ఆమె పదకొండింటికల్లా వచ్చింది. ఏప్రన్ లేకుండా ఆమెని చూడటం అదే మొదలు. నాలుగు రోజులకే మనిషి సగమైంది.

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పాపం అనిపించి చెప్తున్నారా ఇదంతా?" అన్నారు. "మీరిద్దరూ ఏళ్ళ తరబడి కలిసి పని చేస్తున్నవాళ్ళు. ఆమె మీద జాలి నాకూ ఉంది. అలాగని కథలు వినలేను. చిట్టాలో ఎవరూ వేలు పెట్టలేరని శుక్రవారం ఇక్కడే కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు."

"వేలు పెట్టలేను మేడమ్. కానీ ఇంకొకరి పేరుతో పని చేసి, అది వాళ్ళే చేసినట్టు దానిచేత రాయించగలను."

"నమ్మమంటారా?"

"మీ చేతులు రెండూ బల్ల మీద పెట్టుకోండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. పెట్టుకున్నారు.

నేను తెచ్చుకున్న ల్యాప్‌టాప్ తెరిచాను. నకలు సర్వర్లో మేడమ్ పేరుతో టోకెన్ చేశాను. అసలు సర్వర్లో పెట్టాను. అనుమతుల పట్టీ తెరుచుకుంది. సీసాలక్క పేరు వెతికి, నేను తీసేసినవన్నీ ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చాను. ఈసారి రెండు నిమిషాలే పట్టింది. తర్వాత చిట్టా తెరిచి ల్యాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాను.

సోమవారం, పదకొండు పన్నెండు. సూపరింటెండెంట్. పాల బ్యాంకు టెక్నీషియన్ అనుమతుల పునరుద్ధరణ.

మేడమ్ తెరకేసి వంగారు. చేతులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

"ఇదేమిటి? నేను చెయ్యలేదు ఇది!"

"నేనూ అదే అన్నాను మేడమ్," అంది సీసాలక్క.

మేడమ్ నెమ్మదిగా చేతులు వెనక్కి తీసుకున్నారు.

"ఇలా ఎంతమంది పేర్లతో చేశారు?"

"లెక్క పెట్టలేదు. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా చేస్తాను."

"పోయినేడాది మందుల గది గుమాస్తా పేరుతో చేశారా?"

గతుక్కుమన్నాను. ఆ మనిషి అప్పటిదాకా నాకు గుర్తే రాలేదు. "చేసి ఉండొచ్చు. చెయ్యకపోయి ఉండొచ్చు. గుర్తు లేదు."

"అయితే వెళ్ళి ఆ నంబరు గడి చూడండి."

"చూడలేను మేడమ్. చిట్టా ఆరు నెలలే ఉంటుంది. ఆ తర్వాత దానంతట అదే చెరిగిపోతుంది."

"ఆ గడువు పెట్టిందెవరు?"

"నేనే."

నా మీద ఏం చర్య తీసుకున్నారన్నది ఈ కథలో పెద్ద విషయం కాదు. పని ఉంచారు. ఇంకొకరి పేరుతో టోకెన్ చేసే వీలు తీసేశారు, అది కూడా నా చేతే తీయించారు. రెండు సర్వర్లకీ వేరువేరు ముద్రలు పెట్టాను. చిట్టా అచ్చు తీస్తే ఏడు గడులూ రావాలన్నారు. మందుల గది గుమాస్తాకి మేడమ్ ఉత్తరం రాశారు. ఆ చిరునామాలో లేరని అది తిరిగొచ్చింది.

గురువారం మధ్యాహ్నం ఆ బటన్ సంగతి చూడటానికి పాల బ్యాంకుకి వెళ్ళాను. ఈసారి ఆమె యంత్రం దగ్గరే, ఆమె ఎదుటే. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కాళ్ళకి తొడుగులు వేసుకుని, తలకి టోపీ పెట్టుకుని లోపలికెళ్ళాను. బటన్ నిజంగానే ఒక్కసారికి పలకటం లేదు. తడి చేతి తొడుగుతో నొక్కితే తెర గుర్తుపట్టటం లేదు. పొడి వేలితో నా గదిలో నొక్కిన నాకు ఎలా తెలుస్తుంది?

"క్షమించక్కా," అన్నాను. ఇంకా ఏమేమో చెప్పాలని దారిలో కూడబలుక్కున్నాను గానీ, నోట్లోంచి అదొక్కటే వచ్చింది.

ఆమె సీసాలు కడుగుతూ వెనక్కి తిరగలేదు. "మీరు చెప్తే నేనే నమ్మేశాను అన్నయ్యగారూ. నేనే నొక్కి మర్చిపోయానేమోనని. నాలుగు రోజులు నా వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను."



చేతులు తుడుచుకుని వచ్చి, గీతల పుస్తకం తెరిచి, పెన్ను చేతికిచ్చింది. "ఎవరొచ్చారో, ఎన్నింటికొచ్చారో, ఏం ముట్టుకున్నారో రాయండి. మీ చేత్తో."

రాశాను. గీతల పుస్తకంలో రాసి చాలా కాలమైంది, అక్షరాలు వంకరపోయాయి. ఆమె పుస్తకం తన వైపు తిప్పుకుని, నేను రాసింది మొదటి నుంచీ చివరిదాకా చదివింది.

"మందుల గదాయన కూడా ఇలా పుస్తకం రాసేవాడు కదూ?" అంది.

"రాసేవాడు," అన్నాను. "నేనే మాన్పించాను."